బొమ్మ రాని ముప్పై మందితో క్యాంపస్ పోస్టర్లు, బ్యానర్లు, గోడ బొమ్మలు

సోమవారం ధర్నా అంటే ఆదివారం రాత్రి పదింటికి ఎవరో నాలుగు చార్టులు, రెండు మార్కర్లు పట్టుకొస్తారు. బొమ్మలు బాగా వేసే అమ్మాయిని నిద్రలేపుతారు. ఆమె తెల్లారేదాకా వంగి వేస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి టీ తాగుతూ సలహాలిస్తారు. పొద్దున ఎనిమిది పోస్టర్లు తయారవుతాయి. అందులో మూడు పది అడుగుల నుంచి చదవలేం. ఆ అమ్మాయి మళ్లీ పిలిస్తే రాదు.

ఇక్కడ చెప్పేది దీనికి పూర్తిగా వేరే పద్ధతి. పనిని ముక్కలు చేసి, గీత గీయడం రానివాళ్ల చేతుల్లో కూడా పెట్టడం. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా ముందు అడగాల్సింది ఒకటే: దీనికి ఎన్ని చేతులు కావాలి? కాగితం అందించేవాడు, తాడుకి తగిలించేవాడు, రంగు నింపేది, లై (మైదా జిగురు) కాచేది, అందరూ రెండు గంటలు ఒకే బల్ల చుట్టూ ఉంటారు. ఫీజుల గురించి, మెస్ గురించి అసలు మాటలు అక్కడే పడతాయి. ఆ ముప్పై మందే మర్నాడు ర్యాలీకీ వస్తారు.

ముందు మాట తేలాలి, తర్వాతే రంగు

కుంచె ముట్టుకోకముందు 45 నిమిషాల మీటింగు పెట్టండి. ప్రతి ఒక్కరూ చీటీ మీద ఒకే వాక్యం రాయాలి: ఎవరు, ఏం చెయ్యాలి. 'విద్యారంగాన్ని కాపాడుకుందాం' అనేది ఎవరికీ చెప్పని మాట. 'ఫీజు బకాయిలు వెంటనే చెల్లించాలి' అంటే ప్రభుత్వాన్ని ఏం అడుగుతున్నారో దారిన పోయేవాడికీ తెలుస్తుంది. చీటీలన్నీ గోడకి అంటించి, చదివి, మూడు మాత్రమే ఉంచండి.

1968 మే నెలలో పారిస్‌లో విద్యార్థులు లలితకళల కాలేజీ ఎకోల్ దె బోజార్‌ని ఆక్రమించి 'అతెలియే పోపులేర్' అనే పోస్టర్ల కార్ఖానా నడిపారు. అక్కడ ప్రతి నమూనానూ సభలో పెట్టి రెండు ప్రశ్నలు వేసేవాళ్లు: ఇందులోని రాజకీయం సరైందేనా? పోస్టరు దాన్ని సరిగ్గా చెబుతోందా? ఈ రెండు ప్రశ్నలనూ అలాగే తీసుకోవచ్చు. బొమ్మ వేసినవాళ్ల పేరు పోస్టరు మీద ఉండేది కాదు. ఈ పద్ధతీ అలవాటు చేసుకోండి. పేరు లేకపోతే 'నా పోస్టరు మార్చారు' అన్న అలక తగ్గుతుంది, ఒక్కరి మీదే షోకాజ్ నోటీసు రావడమూ తగ్గుతుంది.

వాళ్ల మొదటి పోస్టరు లిథోగ్రఫీలో (రాతి పలక మీద గీసి అచ్చు తీయడం) వేశారు. అది చాలా నెమ్మది. సిల్క్ స్క్రీన్‌కి మారాకే ఊరి గోడలన్నీ నిండాయి. పని ఏదైనా మొదటి రోజు తెలిసేది ఇదే: చేతిలో ఉన్న పనితనం కంటే పద్ధతి ఎంత వేగంగా సాగుతుందన్నదే ముఖ్యం.

భాష గురించి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఉస్మానియా లాంటి చోట తెలుగు, ఉర్దూ రెండూ ఉండాలి. సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు, హిందీ తప్పవు. ఒకే పోస్టరు మీద మూడు భాషలు కుక్కితే ఒక్కటీ చదవలేం. భాషకొక పోస్టరు వెయ్యండి, రంగూ బొమ్మా ఒకటే ఉంచండి. ఉర్దూ వాక్యం రాసేది ఉర్దూ చదివినవాళ్లే కావాలి. ఫోన్‌లో వచ్చిన అనువాదాన్ని చూసి గీస్తే అక్షరాలు విడివిడిగానో తలకిందులుగానో పడిన పోస్టర్లు వస్తాయి.

తెలుగు అక్షరం కొలత

ఇంగ్లీషు పోస్టర్ల కోసం రాసిన కొలతలు తెలుగుకి పనికిరావు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. రెండు వరుసల మధ్య చాలినంత చోటు వదలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగిపోతాయి. లెక్క ఇలా పెట్టుకోండి: అక్షరం ఒళ్లు (గుడి, ఒత్తు పోను మధ్య భాగం) 7 అంగుళాలైతే పైన దానిలో సగం, అంటే 3.5, కింద 4.5 అంగుళాలు. మొత్తం ఒక వరుసకి 15 అంగుళాలు. 36 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ మీద రెండు వరుసలకి 30 పోను పైనా కిందా మూడేసి అంగుళాలు మిగులుతుంది. మూడో వరుస పట్టదు, పట్టించొద్దు.

దూరానికి లెక్క: పది అడుగులకి ఒక అంగుళం ఒళ్లు. రోడ్డు అవతల నుంచి, 70 అడుగుల దూరంలో బస్సులో వెళ్లేవాళ్లు చదవాలంటే 7 అంగుళాలు కావాలి. నోటీసు బోర్డు దగ్గర ఆగి చదివే పోస్టరుకి ఒకటిన్నర అంగుళం చాలు.

అడ్డానికి: 7 అంగుళాల అక్షరం సందుతో కలిపి సగటున 8 అంగుళాలు తీసుకుంటుంది. 12 అడుగుల బ్యానరు 144 అంగుళాలు. అంచులకి 12 తీసేస్తే 132. అంటే వరుసకి 16 అక్షరాలు. 'ఫీజు బకాయిలు వెంటనే చెల్లించాలి' అనేది 13 అక్షరాలు, మాటల మధ్య మూడు సందులు ఒక్కోటి అర అక్షరం. పద్నాలుగున్నర. సరిపోతుంది. ఈ లెక్క కాగితం మీద వెయ్యకుండా గుడ్డ మీద మొదలుపెడితే చివరి 'చాలి' చీమల బారులా ముడుచుకుని అంచున పడుతుంది. ఊళ్లో సగం బ్యానర్లకి ఇదే జబ్బు.

రాసే ముందు ఇద్దరు చదవాలి, రాశాక వేరే ఇద్దరు చదవాలి. ఫ కింద ఒత్తు పోతే 'పీజు' అవుతుంది. ప్రత్యర్థి సంఘం వాళ్లు దాని ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పుతారు, మీ డిమాండు గాలికి పోతుంది.

గుడ్డ బ్యానరు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే మంచిది. పదిమందికి చేతినిండా పని, సామాను తక్కువ, ఏడాది పాటు మడిచి దాచుకోవచ్చు. ఫ్లెక్సీ తొందరగా వస్తుంది, నిజమే. కానీ దాన్ని షాపువాడు చేస్తాడు, మీరు డబ్బు కట్టి తెచ్చుకుంటారు, అంతే. పైగా 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్ల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.

12 అడుగుల బ్యానరుకి కోరా గుడ్డ నాలుగుంపావు మీటర్లు తీసుకోండి. రెండు చివర్లా కర్ర దూరడానికి 4 అంగుళాల గొట్టంలా కుట్టాలి, కోరా గుడ్డ కొంత ముడుచుకుంటుంది కూడా. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలైతే ఒక పరీక్ష చెయ్యండి: తడి జేబురుమాలుతో గట్టిగా రుద్దితే ఎరుపు అంటుకుంటోందా? అంటుకుంటే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి ఆరేశాకే రాయాలి. లేకపోతే తెల్ల అక్షరాలు మధ్యాహ్నానికి గులాబీ రంగుకి తిరుగుతాయి.

రంగు విషయంలో ఎక్కువమంది చేసే తప్పు పోస్టర్ కలర్‌లో ఫెవికాల్ కలపడం. ఎండలో బాగానే ఉంటుంది. చినుకు పడగానే జిగురు ఉబ్బి, తెల్లగా పాలలా కారుతుంది. బయటి గోడలకి వేసే ఎమల్షన్ పెయింటు వాడండి. లీటరుకి 100 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు, అంతకు మించొద్దు. పల్చనైతే గుడ్డ దారాల వెంట పాకి అక్షరం అంచులు వెంట్రుకలు మొలిచినట్టవుతాయి. లీటరు తెలుపు ఇలాంటి బ్యానర్లు నాలుగింటికి వస్తుంది.

గుడ్డని కారిడార్ నేల మీద బిగుతుగా పరిచి నాలుగు మూలలా టేపు వేసి, కింద పాత పేపర్లు పరవండి. పేపర్లు లేకపోతే అక్షరాలు హాస్టల్ గచ్చు మీద కూడా అచ్చుపడతాయి. వరుసకి నాలుగు సుద్ద గీతలు: గుడి పైన, ఒళ్లు పైన, ఒళ్లు కింద, ఒత్తు కింద. అక్షరాల చుట్టుగీత సుద్దతో ఒక్కరే వెయ్యాలి. ఇక్కడ కావలసింది బొమ్మ వచ్చినవాళ్లు కాదు, నల్లబల్ల మీద రాత కుదిరినవాళ్లు. ట్యూషన్లు చెప్పేవాళ్లలో అలాంటివాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. తర్వాత ఆరుగురు కూర్చుని అంగుళం వెడల్పు చదును కుంచెలతో నింపుతారు. నింపేవాళ్లకి ఒకటే నియమం: ముందు అంచు, తర్వాత లోపల. ఎడమవైపు నుంచి కుడివైపుకి వెళ్లండి, లేకపోతే మోచేతులు తడి అక్షరాల మీద పడతాయి.

ఇవే అక్షరాలు ఐదు బ్యానర్ల మీద కావాలంటే సంక్రాంతికి అమ్మే చిల్లుల ముగ్గు ప్లేటు సూత్రం వాడండి. పెద్ద కాగితం మీద ఒకసారి అక్షరాలు గీసి, గీత వెంట పావు అంగుళానికొక చిల్లు సూదితో పొడవండి. పల్చటి గుడ్డలో సుద్దపొడి మూటకట్టి దాని మీద తడితే కింది గుడ్డ మీద చుక్కల అక్షరాలు పడతాయి. పొడవడానికి ముగ్గురు, తట్టడానికి ఒకరు.

గాలి సంగతి మర్చిపోతారు. 12 అడుగులు దాటితే మధ్యలో మూడో కర్ర తప్పనిసరి. లేకుంటే పట్టుకున్న ఇద్దరి చేతులు పావుగంటకే పడిపోతాయి, బ్యానరు తెరచాపలా పొంగి రాత కనిపించదు.

స్క్రీన్ ప్రింటింగ్: గంటకి వంద

ఒకే పోస్టరు వందలో, రెండొందలో కావాలంటే ఇది: ఫ్రేముకి బిగించిన సన్నటి వల (మెష్) గుండా ఇంకును కాగితం మీదికి దించడం. అక్షరాలు కాని చోట వల మూసి ఉంటుంది. పెళ్లి శుభలేఖల పుణ్యమా అని మన ప్రతి పట్నంలోనూ స్క్రీన్ ప్రింటింగ్ షాపులున్నాయి, సామాను దొరుకుతుంది, చేయి తిరిగిన పనివాళ్లూ దొరుకుతారు. మొదటి స్క్రీను వాళ్ల దగ్గరే చేయించుకుని, పక్కన నిలబడి చూడండి. అచ్చు మాత్రం మీరే వేసుకోండి.

కాగితం: 20×30 అంగుళాల మ్యాప్‌లితో అనే అచ్చు కాగితం, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) పైన. సగానికి కోస్తే 15×20 పోస్టరు వస్తుంది. 100 పోస్టర్లకి పాడయ్యేవి కలుపుకుని మూడు దస్తాలు (72 షీట్లు) తెచ్చుకోండి. మొదటిసారి వేసేవాళ్లకి ఇరవై, ముప్పై కాగితాలు చెయ్యి కుదిరేలోపే పోతాయి.

ఫ్రేము: బొమ్మ 13×18 అంగుళాలైతే ఫ్రేము లోపలి కొలత కనీసం 18×26 ఉండాలి. పక్కలకి రెండున్నరేసి, ఇంకు నిలవడానికి పైనా కిందా నాలుగేసి అంగుళాలు. ఇంత చోటు లేకపోతే అంచుల్లో మెష్ కిందికి వంగదు, బొమ్మ చివర్లు మసకబారతాయి. మెష్ సెంటీమీటరుకి 77 దారాలది కాగితానికి, 43 దారాలది గుడ్డకి. కొన్ని షాపుల్లో అంగుళం లెక్కన అడుగుతారు. అప్పుడు అవి 195, 110 అవుతాయి. ఈ గందరగోళంలో గుడ్డ మెష్ కొనుక్కొచ్చి కాగితం మీద ఇంకు వరదలా పారించేవాళ్లున్నారు.

అక్షరాలు మెష్ మీదికి ఎక్కించడానికి మూడు దార్లు. అన్నిటికంటే తేలిక, నంబర్ ప్లేట్ల మీద స్టిక్కర్లు వేసే రేడియం కటింగ్ షాపు. మీ డిజైను ఇస్తే మిషను మీద వినైల్ షీటు కోసి ఇస్తారు. అక్షరాల భాగం పీకేసి మిగతాది మెష్ అడుగున, అంటే కాగితం తగిలే వైపు, అంటించడమే. 'అడుగు నుంచి అంటిస్తాం, తిప్పి కొయ్యండి' అని ముందే చెప్పాలి. అక్కడ తెలుగుకొక చిక్కు ఉంది: సున్న, ర, ఠ, గుడి లాంటి వాటి లోపలి ద్వీపాలు. వినైల్‌ని ట్రాన్స్‌ఫర్ టేపుతో ఎత్తితే అవి చోటు తప్పవు. అట్టతో స్టెన్సిలు కోస్తే మాత్రం ద్వీపం ఊడి పడిపోతుంది. అందుకని ప్రతి గుండ్రానికీ రెండు సన్నటి వంతెనలు వదలాలి. వంతెన 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే పదో అచ్చుకి చిరుగుతుంది.

రెండోది కాగితం స్టెన్సిలు. న్యూస్‌ప్రింటు మీద కోసి మెష్ కింద పెడితే మొదటి ఇంకుకే అతుక్కుంటుంది. 30, 40 అచ్చులయ్యాక నాని ముడతలు పడుతుంది. పెద్ద అక్షరాలకీ, పిడికిలి లాంటి ముద్ద బొమ్మలకీ సరే, ముఖాలకి పనికిరాదు.

మూడోది ఫొటో ఎమల్షన్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే పూత. ముఖాలు, సన్నటి గీతలు కావాలంటే ఇదే గతి. పసుపు బల్బు వెలుతురులో ఎమల్షన్ పల్చగా రెండు వైపులా గీకి, చీకటి గదిలో ఫ్యాను కింద ఫ్రేమును పడుకోబెట్టి ఆరనివ్వాలి. డిజైను ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి, అద్దం కింద నొక్కిపెట్టి ఎండ చూపించాలి. ఎంతసేపన్నది నెలని బట్టి, ఎమల్షన్‌ని బట్టి మారుతుంది. అందుకే ముందు ఒక చిన్న ముక్క మీద అట్ట జరుపుతూ 20, 40, 60, 80 సెకన్లు చూపించి కడిగి చూడండి. కడిగేటప్పుడు అక్షరాలతో పాటు చుట్టూ పొర కూడా జారిపోతే ఎండ చాల్లేదని. అక్షరాలు తెరుచుకోకపోతే ఎండ ఎక్కువైందని, లేదా ప్రింటు నల్లగా లేదని. ప్రింటు బూడిదరంగులో వస్తే అలాంటివే రెండు కాగితాలు ఒకదానిమీదొకటి సరిగ్గా పెట్టండి. ఎమల్షన్‌లో కలిపే అమోనియం బైక్రోమేట్ ఒంటికి మంచిది కాదు, క్యాన్సర్ కారకం. కొంచెం ఖర్చైనా డయాజో రకం కొనండి. ఏదైనా గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

బల్ల అమరిక మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ముప్పావు వంతు తప్పులు ఇక్కడే పుడతాయి. 24×36 ప్లైవుడ్ పలక మీద ఫ్రేమును రెండు మడతబందులతో బిగించండి. ఫ్రేము ముందు మూలల కింద అట్టముక్కలో, రెండేసి నాణేలో పెట్టి మెష్‌కీ కాగితానికీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. ఎడం లేకపోతే కాగితం మెష్‌కి అతుక్కుని లేస్తుంది, ప్రతి అక్షరానికీ నీడలా రెండో అంచు పడుతుంది. కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడానికి పొడవు వైపు రెండు, వెడల్పు వైపు ఒకటి, మడిచిన అట్టముక్కలు అంటించండి.

ఒక రంగు, మూడో వంతు చోట ఇంకు పడే బొమ్మకి 100 పోస్టర్లకి పావు లీటరు ఇంకు చాలు. అందులో దాదాపు సగం స్క్రీన్ మీదే మిగిలేది. నీటి ఇంకు వాడండి. శుభలేఖల షాపుల్లో వాడే నూనె ఇంకులు మెరుపుగా ఉంటాయి కానీ థిన్నర్ వాసనకి హాస్టల్ గదిలో తలనొప్పులొస్తాయి, కడగడమూ పెద్ద పని.

స్క్వీజీని (ఇంకు లాగే రబ్బరు పట్టీని) 45 నుంచి 60 డిగ్రీలు వంచి, రెండు చేతులతో ఒకే ఒత్తిడితో ఒక్కసారి లాగండి. రెండోసారి లాగాలనిపిస్తుంది, వద్దు. లాగాక ఫ్రేము ఎత్తి, కాగితం తీసేలోపు ఇంకును తేలిగ్గా వెనక్కి నెట్టి మెష్ మీద పరిచి ఉంచాలి. ఇది మానేస్తే మన ఎండాకాలంలో ఐదు నిమిషాల్లో కన్నాలు మూసుకుపోతాయి. బల్ల మీద ఫ్యాను ఆపండి. మెష్ పూడుకుంటుంటే పావు లీటరు ఇంకుకి చెంచాడు గ్లిజరిన్ కలపండి. అక్షరాల అంచులు పాకుతుంటే ఇంకు పల్చన, లేదా చెయ్యి బరువు. మధ్యలో తెల్ల మచ్చలొస్తుంటే కింద పలక ఎగుడుదిగుడు.

మనుషుల లెక్క: కాగితం పెట్టేవారు, లాగేవారు, తీసేవారు, తాడుకి తగిలించేవారు, ఇంకు చూసేవారు. లాగినవాళ్లు కాగితం ముట్టకూడదు. ఇంకు వేళ్ల ముద్రలన్నీ వాళ్లవే. ప్రతి 20 అచ్చులకీ చోట్లు మారండి. కొత్తవాళ్లు గంటకి 60 వేస్తారు, చెయ్యి తిరిగితే వంద. 15 అంగుళాల వెడల్పున పక్కపక్కన తగిలిస్తే వందకి 125 అడుగుల తాడు కావాలి. ఉతికిన బట్టలు ఆరేసే హాస్టల్ కారిడార్ దీనికి సరిగ్గా సరిపోతుంది, వచ్చేపోయేవాళ్లు ఆగి అడుగుతారు కూడా. అలా ఆగినవాళ్లకి క్లిప్పులు చేతికివ్వండి.

లినోకట్ (లినోలియం షీటు మీద చెక్కి అచ్చు తీయడం) గురించి ఒక్క మాట. 1943 బెంగాల్ కరువును గీసిన చిత్తప్రసాద్ తన రాజకీయ చిత్రాల్లో చాలావాటిని లినోలియం మీద చెక్కారు. ప్రెస్సు లేకుండా చెంచా వెనకభాగంతో రుద్ది అచ్చు తియ్యొచ్చు. కానీ అక్షరాలు తిరగేసి చెక్కాలి. ట్రేసింగ్ పేపరు మీద రాసి బోర్లా వేసి దించుకోకుండా నేరుగా తిరగేసి చెక్కాలనుకుంటే ఏదో ఒక కొమ్ము ఎడమ బదులు కుడికి తిరుగుతుంది. బొమ్మ లినోలో, అక్షరాలు స్క్రీన్‌లో వేస్తే గొడవ లేదు. మీ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంటే ప్రింట్‌మేకింగ్ విద్యార్థులను పిలవండి, కానీ నేర్పడానికి. పని వాళ్ల మీద వదిలేస్తే ఆదివారం రాత్రి కథే మళ్లీ.

లై, అతికింపు

పావుకిలో మైదాని అర లీటరు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. రెండు లీటర్ల మరిగే నీళ్లలో సన్నధారగా పోస్తూ ఆపకుండా తిప్పండి. ఐదారు నిమిషాలకి తెలుపు పోయి గాజులా తేరుకుంటుంది, అప్పుడు దించాలి. తెల్లగా ఉండగానే దించితే ఆరాక పొట్టులా రాలుతుంది. ఇది 15×20 పోస్టర్లు యాభైకి వస్తుంది. ఎండాకాలంలో మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుకారోజే కాచుకోండి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం వేస్తారు. పోస్టర్లు నమిలే ఆవులూ మేకలూ ఉన్న చోట ఆ పని చెయ్యకండి. చిటికెడు పటిక చాలు.

గోడ మీద ముందు లై, దాని మీద పోస్టరు, పోస్టరు మీద మళ్లీ పల్చగా లై. మధ్య నుంచి అంచులకి తుడవాలి. బుడగలుంటే అక్కడి నుంచే చింపుతారు.

గోడ బొమ్మ, నేల ముగ్గు

గోడ బొమ్మకి ముందు గోడను చదవండి. అరచేత్తో రుద్దితే తెల్లపొడి అంటుతోందంటే అది సున్నం గోడ. గీకి, ప్రైమర్ వెయ్యకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. ఉప్పు లేచిన గోడ, వెనక నీళ్ల పైపు ఉన్న గోడ వదిలెయ్యండి. 10×20 అడుగుల గోడకి రెండు పూతలకి నాలుగు లీటర్ల ఎమల్షన్ కావాలి. రంగులు విడిగా కొనకుండా తెలుపులో స్టెయినర్లు (చిక్కటి రంగు ద్రవాలు) కలుపుకోండి, లీటరుకి 40 మిల్లీలీటర్లు మించితే ఆరడం ఆలస్యమవుతుంది.

చిన్న బొమ్మని పెద్దది చెయ్యడానికి గళ్లు. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి, సుద్ద పూసిన దారం లాగి కొడితే గీతలు పడతాయి. గడులకి నంబర్లు వెయ్యండి. ఒక్కొక్కరికి నాలుగేసి గడులు అప్పగిస్తే బొమ్మ రానివాళ్లు కూడా తమ గడిలో ఉన్న వంకర గీతను దించగలరు. రంగుల్లో కూడా అంతే: చుట్టుగీత లోపల '1', '2' అని రాసి డబ్బాలకి అవే నంబర్లు. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే పని. మధ్యాహ్నం గోడ కాలుతుంటే రంగు కుంచె మీదే ఎండిపోతుంది.

నేల మీద ముగ్గుతో రాయడం అన్నిటికంటే చవక. మూడడుగుల అక్షరాలు పదిహేనింటికి ఐదు కిలోల ముగ్గు సరిపోతుంది, అరగంటలో అయిపోతుంది. చెరిగిపోయేదే కదా, ఎవరేమంటారులే అనుకోవద్దు. 2019 డిసెంబరు చివర్లో చెన్నై బీసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ముగ్గులు వేసినవాళ్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

కూర్చునే చోటు

పోస్టరు గోడ మీదే ఉండాలని లేదు, అదే గోడ కావచ్చు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేతకు గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర 'వెలివాడ' ఏర్పాటు చేశారు. అంబేడ్కర్ తదితరుల చిత్రాలున్న ఫ్లెక్సీలే దానికి గోడలు. ఊరి బయటికి తోసే వాడ పేరును యూనివర్సిటీ నడిబొడ్డున నిలబెట్టడం కంటే సూటైన నినాదం రాయడం కష్టం. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా చూసింది ఆ చోటునే.

దీక్షా శిబిరం వేస్తుంటే బ్యానర్ల కొలతను శిబిరానికి కుదర్చండి. 10×10 అడుగుల టెంటుకి మూడు వైపులా పదేసి అడుగుల గుడ్డ, నేల నుంచి మూడడుగులు వదిలి కట్టాలి; లేకపోతే లోపల గాలాడదు. పైనా కిందా సుతిలి దూరే గొట్టాలు కుట్టండి. చిల్లులు పెట్టి కడితే మొదటి గాలివానకే చిరుగుతాయి. ముఖం బయటి వైపు పెట్టాలనే అందరూ చూస్తారు. లోపల రాత్రంతా కూర్చునేవాళ్లకి తెల్ల గుడ్డ మిగులుతుంది. లోపలి వైపు ఖాళీగా వదిలి తాడుతో మార్కర్లు వేలాడదీయండి. వచ్చినవాళ్లు రాస్తారు.

అనుమతులు, నోటీసులు

విద్యార్థి ఎన్నికలకి లింగ్డో కమిటీ సిఫార్సులు వర్తిస్తాయి. సుప్రీంకోర్టు 2006లో వాటిని అమలు చెయ్యమంది. వాటి ప్రకారం అచ్చు పోస్టర్లు కుదరవు, చేతితో చేసినవే, అదీ ముందుగా ప్రకటించిన చోట్లలోనే. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. స్క్రీన్ ప్రింటు చేతిపనే అని మీరంటారు, అచ్చే అని ఎన్నికల అధికారి అంటాడు. ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఎన్నికలు కాని రోజుల్లో కూడా బహిరంగ స్థలాల్లో గోడల మీద రాయడాన్ని, అంటించడాన్ని ఆపే 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది. 2019లో ఢిల్లీలోని జేఎన్‌యూ గోడల మీది పోస్టర్లను యంత్రాంగం తీయించింది కూడా అక్కడి ఇలాంటి చట్టాన్ని చూపించే. కాబట్టి గోడకి అనుమతి లేఖ, లేదంటే గోడ తాకని పద్ధతి: రెండు చెట్ల మధ్య తాడు, చేతిలో పట్టుకునే అట్ట, మెడలో వేసుకునే పోస్టరు.

అధికారిని విమర్శించండి, పేరుకి పక్కన తిట్టు మాత్రం రాయొద్దు. మొత్తం చర్చ తిట్టు మీదికి పోతుంది. కష్టంలో ఉన్న తోటి విద్యార్థి ముఖం వేసే ముందు వాళ్లనో, ఇంట్లోవాళ్లనో అడగాలి. పనిచేసేటప్పుడు ఫొటోలు తీస్తే చేతులు తియ్యండి, ముఖాలు కాదు. అతికించిన ప్రతి పోస్టరుకీ చోటు తెలిసేలా పొద్దున్నే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చింపింది ఎప్పుడో, ఎక్కడో తర్వాత చెప్పగలగాలి.

పనయ్యాక స్క్రీన్లు అదే రాత్రి కడగాలి. ఇంకు ఎండితే ఆ ఫ్రేము ఇక అంతే. కడిగి, ఆరబెట్టి, ఫ్రేము మీద మెష్ నంబరు, తేదీ రాసి, పాత దుప్పట్లో చుట్టి నిలువుగా పెట్టండి. తాళం చెవి ఫైనలియర్ వాళ్ల దగ్గర కాకుండా సెకండియర్ వాళ్ల దగ్గర ఉంచండి, లేకపోతే వేసవి సెలవుల తర్వాత స్క్రీన్లు ఏ గదిలో ఉన్నాయో చెప్పేవాళ్లుండరు.